తలుపులన్నీ తూర్పుకే

నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఒక కౌంటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంటు నుంచి, ఇరవై ఆరేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశాక. కేకు కోశారు, మంచి మాటలు చెప్పారు, నేను గట్టిదాన్ని కాబట్టి ఏడవలేదు. రెండోసారి, ఇల్లు లేనివాళ్ళ కోసం మేము కట్టిన ఒక చిన్న ఇళ్ళ కాలనీ నుంచి. అక్కడ చేసింది మూడేళ్ళే. ఆ రోజు మాత్రం ఏడ్చాను. ఇప్పుడు రాసేది ఆ రెండో ఉద్యోగం గురించే, కాని మొదటిదాంట్లో జరిగిన రెండు సంగతులు చెప్పకపోతే అది అర్థం కాదు.

మా ఊరు అల్ఫారెట్టా చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ పిల్లలు అందరూ కంప్యూటర్లే చదువుతారనుకుంటారు గాని, ఈమధ్య సివిల్ ఇంజినీరింగు, ఆర్కిటెక్చరు, సోషల్ వర్కు చదివేవాళ్ళు కూడా కనబడుతున్నారు. పార్టీల్లో పక్కన కూర్చుని, "ఆంటీ, మీ జాబ్‌లో యాక్చువల్‌గా ఏం చేసేవారు?" అని అడుగుతారు. "వేరేవాళ్ళు కట్టిన గోడలకి వంకలు పెట్టేదాన్ని" అంటాను. నవ్వేసి ప్లేటు పట్టుకుని లేచిపోతారు. ఆ పిల్లల కోసమే ఇది. ఏ ఏడు ఏ హోదా, ఎవరు నాకు అడ్డం పడ్డారు, ఆ గోలంతా వదిలేస్తున్నాను. ఎవరి ఉద్యోగంలోనైనా అది ఒకేలా ఉంటుంది.

మడత కుర్చీ

నా మొదటి బాసు పేరు డేల్. ఆరడుగుల పైన పొడుగు, ఎప్పుడూ నిద్రలోంచి లేచినట్టుండే మొహం. ఆయన ట్రక్కులో ఒక మడత కుర్చీ ఉండేది. కొత్త ఇంటికి కాపురం ఉండొచ్చని సంతకం పెట్టేముందు, ఆ కుర్చీ తెచ్చి ఒక గదిలో వేసుకుని, చేతిలో కాగితం లేకుండా పది నిమిషాలు కూర్చునేవాడు. కొత్తలో నాకు చిర్రెత్తుకొచ్చేది. అవతల నాలుగు ఇళ్ళు చూడాలి, ఈయన చూస్తే ఇక్కడ విశ్రాంతి తీసుకుంటున్నాడు.

"ఏం చూస్తున్నారు అలా?" అని ఒకసారి అడిగేశాను.

"నేనిక్కడ కాపురముంటే నా మోకాలు ఎక్కడ తగులుతుందో చూస్తున్నా" అన్నాడు. "కోడ్ పుస్తకం ఇల్లు కూలకుండా చూస్తుంది ఉమా. ఇంట్లో మనిషి ఎలా ఉంటాడో చూడదు. ఆ పని మనదే."

నేను తలూపాను. కుర్చీ మాత్రం కొనలేదు. నాకు కొలతలు వచ్చు, కట్టడాల రూల్సున్న ఆ కోడ్ పుస్తకం కంఠతా వచ్చు, ఇంకేం కావాలి అనుకున్నాను. ముప్ఫైల్లో ఉన్నవాళ్ళకి ఈ తెగులు ఉంటుంది, మీకూ ఉంటుంది.

ఎర్ర కాగితం

ఒకసారి ఒక ఇంటి పెరట్లో షెడ్డులో ఎవరో కాపురం ఉంటున్నారని ఫిర్యాదు వచ్చింది. వెళ్ళి చూస్తే డెబ్భై దాటిన ముసలాయన. పేరు హోలిస్. మంచం, చిన్న హీటరు, ఆ హీటరుకి పెద్దింట్లోంచి గడ్డి మీదుగా లాగిన ఎక్స్‌టెన్షన్ తీగ. తీగ పైపొర చిట్లి లోపలి రాగి కనబడుతోంది. అది ఎప్పుడైనా అంటుకుంటుంది. ఆలోచించేదేముంది? ఎర్ర కాగితం అంటించాను. అంటే ఇక్కడ మనిషి ఉండటానికి వీల్లేదు అని. "సరే మేడమ్" అని మంచం మీది దుప్పటి మడత పెట్టుకున్నాడు.

పదిరోజుల తర్వాత గ్రోసరీ కొట్టు వెనక, డబ్బాలు పడేసే చోట, అదే దుప్పటితో ఆయన్ని చూశాను. వాన పడుతోంది. కారు ఆపాను గాని దిగలేదు. ఏమని దిగుతాను?

డేల్‌కి చెప్పాను. తిడతాడేమో, తిడితే బాగుండునని ఉంది. "నువ్వు చేసింది రైటే. నేనైనా అదే చేసేవాణ్ణి" అన్నాడు. మళ్ళీ తనే, "కాకపోతే ఆయన ఎక్కడికి వెళతాడని మన ఫారం ఎక్కడా అడగదు" అన్నాడు. ఆ తర్వాత హోలిస్‌ని వెతికాను, మళ్ళీ కనబడలేదు. ఆ ముసలాయన్ని నేను చంపలేదు. కాని ఆ దుప్పటి నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది. అందుకే మొదటిసారి రిటైరయ్యాక, ఒక చర్చివాళ్ళు తమ వెనకున్న ఖాళీ స్థలంలో ఇల్లు లేనివాళ్ళకి చిన్న ఇళ్ళు వేస్తామని, కాస్త సాయం పట్టమని అడిగితే, మా ఆయన "ఇంక హాయిగా ఉండవా?" అంటున్నా వినకుండా ఒప్పుకున్నాను.

ఇరవై నాలుగు ఇళ్ళు

చిన్న ఇల్లంటే మీరు టీవీలో చూసే ముచ్చటైన బొమ్మరిల్లు కాదు. నూటఇరవై చదరపుటడుగులు. ఒక మంచం, ఒక బల్ల, కుర్చీ, హీటరు, ఏసీ, గట్టి తాళం. స్నానాలు, వంట, బట్టలుతకడం అన్నీ మధ్యలో కట్టిన పెద్ద హాల్లో. ఇళ్ళని ఇనుప దూలాల మీద కట్టి తెచ్చి, నేల మీద దిమ్మలకి బిగిస్తాం. ఇలాంటి ఇరవై నాలుగు, ఆరేసి చొప్పున నాలుగు వరసలు.

కౌంటీ హాల్లో పబ్లిక్ మీటింగు పెట్టారు. మాట్లాడటానికి లేచినవాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు, అందరికంటే ముందు మా వీధి ప్రసాద్. డేటాబేస్ పని చేస్తాడు, మంచివాడు, ఎవరింట్లో పెళ్ళైనా కుర్చీలు మోస్తాడు. ఆ రోజు మాత్రం మైకు పట్టుకుని స్కూల్ రేటింగు, ఇళ్ళ ధరలు అని ఐదు నిమిషాలు దంచాడు. బయటికొచ్చాక నా దగ్గరికొచ్చి, "ఏమనుకోకండక్కా, మీ మీద కాదు. మన కమ్యూనిటీకి పక్కన కాబట్టి అంతే" అన్నాడు. "అది కూడా కమ్యూనిటీయే ప్రసాద్" అన్నాను. నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. ఇప్పుడు అనిపించదు. భయపడ్డవాణ్ణి తిడితే ఇంకా గట్టిగా భయపడతాడు, అంతకుమించి ఒరిగేదేమీ లేదు.

మొత్తానికి అనుమతి వచ్చింది, ఒక షరతు మీద. ఇచ్చిన ఇంట్లో వరసగా ముప్ఫై రాత్రులపాటు ఒక్కసారీ పడుకోకపోతే, ఆ ఇల్లు వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్ళకి ఇచ్చేయాలి. ఇళ్ళు సామాన్ల గోదాములు కాకూడదని. ఆ షరతు రాసిపెట్టిందీ నేనే, ప్లాను గీసిందీ నేనే. మా డైనింగ్ టేబుల్ మీద, గళ్ళ కాగితం పరుచుకుని.

ఎనిమిదో నంబరు

లొరెయిన్‌కి అరవై రెండేళ్ళు. పందొమ్మిదేళ్ళు స్కూలు క్యాంటీన్‌లో వండి పెట్టింది. భర్త పోయాడు, అద్దె పెరిగింది, నడుం పట్టేసి పని పోయింది. తర్వాత నాలుగేళ్ళు తన పాత కారులోనే బతికింది. ఇంటి తాళంచెవి చేతిలో పెట్టినప్పుడు నన్ను గట్టిగా కౌగిలించుకుంది. తన ఎనిమిదో నంబరు ఇంటిని అద్దంలా ఉంచేది. పొద్దస్తమానం హాల్లో వంటింటి దగ్గరే ఉండి పదిమందికి బిస్కెట్లు కాల్చి పెట్టేది. మా కాలనీకి ఒక కోడ్ పుస్తకం రాస్తే, అందులో ఆదర్శ నివాసి అని ఆవిడ ఫోటో వేయొచ్చు.

కాని చీకటి పడేసరికి దిండు చంకన పెట్టుకుని, ఇంటికి తాళమేసి, పార్కింగులో ఉన్న కారులోకి వెళ్ళి పడుకునేది.

ఇది నాకు చెప్పింది డెనీస్. కాలనీ మేనేజరు. ఒకప్పుడు తనూ ఇద్దరు పిల్లలతో నిరాశ్రయుల షెల్టర్లలో గడిపిన మనిషి, అందుకే ఎవరి ఏడుపుకీ తొందరగా కరగదు.

"ఇవాళ్టికి పదహారు రాత్రులు ఉమా" అంది. "ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. నాకు లొరెయిన్ అంటే ఇష్టమే. కాని లిస్టులో తర్వాత ఉన్నాయన షెల్టర్‌లో మంచం కోసం రోజూ లైన్లో నిలబడుతున్నాడు. ముప్ఫై అంటే ముప్ఫయ్యే. నేను ఒకళ్ళకి వదిలేస్తే రేపు అందరికీ వదలాలి."

నిజం చెబుతున్నాను, నాకు ముందు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఎంతమందితో పోట్లాడి కట్టాం ఈ ఇళ్ళు, ఈవిడకి కారే కావలసి వచ్చిందా అనుకున్నాను. మీరు ఈ పనిలోకి వస్తే మీకూ ఈ కోపం వస్తుంది. సాయం చేసేవాళ్ళకి కృతజ్ఞత ఒక జీతం లాంటిది, అది అందకపోతే మొహం మాడ్చుకుంటాం. అలా మాడ్చుకోవడం తప్పు, కాని ఆ కోపం రాదని బుకాయించడం ఇంకా పెద్ద తప్పు.

లొరెయిన్‌ని అడిగితే, "అలవాటు మిస్ ఉమా, మెల్లగా మారతాను" అంది. సరే, భయమేమో అనుకుని నాకు తెలిసిన వైద్యాలన్నీ చేశాను. తలుపుకి రెండో గొళ్ళెం పెట్టించాను. దారిలో దీపం వేయించాను. మంచం గట్టిగా ఉందేమోనని పరుపు మార్పించాను. ఆఖరికి నా వెంకటగిరి చీర ఒకటి కత్తిరించి, ఆవిడ కిటికీకి నా చేత్తో కర్టెన్లు కుట్టి తగిలించాను. రెండోరోజే ఆ కర్టెన్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి నాకు తిరిగిచ్చేసింది. "చాలా అందంగా ఉన్నాయి, పాడవుతాయి" అంది. నాకు కళ్ళనీళ్ళ పర్యంతం అయింది. ఆ రాత్రి కూడా కారులోనే పడుకుంది. అప్పటికి ఇరవై రెండు.

ప్రసాద్ మెచ్చుకోలు

ఆ ఆదివారం మన తెలుగువాళ్ళు కాలనీలో భోజనాలు పెట్టారు. పులిహోర, కోడికూర, పెరుగన్నం. ప్రసాద్ కూడా వచ్చాడు. వాళ్ళావిడ వడ్డనకి ఇతని పేరు రాయించేసిందట, తప్పించుకోలేకపోయాడు. వడ్డన అయ్యాక చేతులు తుడుచుకుంటూ కాలనీ అంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, సూపర్ అసలు. మొత్తం ట్వెంటీ ఫోర్ ఈస్ట్ ఫేసింగ్ వేశారు కదా! నాకైతే ఒక్కటి దొరకడానికి రెండేళ్ళు పట్టింది. దానికోసం ఎక్స్‌ట్రాగా లాట్ ప్రీమియం కూడా కట్టాను. వీళ్ళు లక్కీ అక్కా."

నవ్వబోయి ఆగిపోయాను.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఈ తూర్పు పిచ్చి మీద నవ్వేవాళ్ళలో నేను మొదటిదాన్ని. ఇన్‌స్పెక్టరునని తెలిసి ఎంతమంది ఫోన్లు చేసేవారో. అక్కా, ఈ ఇల్లు ఈస్టా నార్తీస్టా, ఫోన్‌లో కంపాస్ ఒకటి చెబుతోంది బిల్డరు ఒకటి చెబుతున్నాడు, మీరొకసారి చూస్తారా అని. దక్షిణం వైపు తలుపని బంగారం లాంటి ఇల్లు వదిలేసుకున్నవాళ్ళని చూసి ఎంత ఎగతాళి చేసేదాన్ని. నేను ఇంజినీర్ని, నాకవేమీ లేవు.

కాని గళ్ళ కాగితం మీద ఇరవై నాలుగు ఇళ్ళు గీసినప్పుడు, నా చెయ్యి ఇరవై నాలుగు తలుపులూ తూర్పుకే పెట్టింది. ఎందుకని చర్చి కమిటీ అడిగితే, పొద్దుటి వెలుగు వస్తుంది, జార్జియా సాయంకాలపు ఎండ వెనకగోడ మీద పడుతుంది, ఏసీ బిల్లు తగ్గుతుంది అని చెప్పాను. ఒక్కటీ అబద్ధం కాదు. మనలో ఉన్న పట్టింపులు పేరు మార్చుకుని, లెక్కలు చేతపట్టుకుని వస్తాయి, మనమే గుర్తుపట్టం. తలుపులన్నీ ఒకేవైపు ఉంటే ఏమవుతుంది? చివరి వరస తప్ప ప్రతి తలుపుకీ ఎదురుగా ముందు వరస ఇంటి వెనకగోడ ఉంటుంది. ప్రసాద్ మాట్లాడుతూనే ఉన్నాడు, నాకు వినబడటం లేదు. లొరెయిన్ ఇంటికేసి నడిచాను.

లోపల కూర్చుంటే

"రా మిస్ ఉమా, కూర్చో. కాఫీ తెస్తాను" అని కుర్చీ జరిపి, తలుపు దగ్గరికి వేసి, లొరెయిన్ హాల్లోకి వెళ్ళింది. ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నీ కూర్చోవడం అదే మొదటిసారి. గీశాను, కొలిచాను, తనిఖీ చేశాను, కూర్చోలేదు.

ఉన్న ఒక్క కిటికీలోంచి పన్నెండడుగుల అవతల బూడిదరంగు గోడ. అంతే. ఆకాశం కూడా వంగి చూస్తే గాని కనబడదు. కాసేపటికి కంకర మీద అడుగుల చప్పుడు వినిపించింది. వెనకనుంచా, పక్కనుంచా తెలియలేదు. దగ్గరికి వస్తున్నాయి, మనిషి కనబడదు. కిటికీ దగ్గరికి మొహం పెట్టి చూశాను, గోడే కనబడింది. తలుపు మీద టక్కుమని చప్పుడైంది. కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది. రెండు కప్పులు పట్టుకుని, మోచేత్తో తలుపు నెడుతూ లొరెయిన్.

"చూశావా" అంది. "వచ్చేది నేనేనని తెలిసి కూడా ఉలిక్కిపడ్డావు."

మంచం మీద కూర్చుని నింపాదిగా చెప్పింది. "కారులో నాలుగువైపులా అద్దాలు. ఎవరైనా ఇరవై అడుగుల దూరంలో ఉండగానే కనబడతారు. వాళ్ళ చేతుల్లో ఏముందో చూస్తాను, మొహం చూస్తాను, అవసరమైతే కారు స్టార్టు చేస్తాను. నాలుగేళ్ళు అలా బతికాను. ఒకసారి చూడకుండా నిద్రపోయాను, అద్దం పగలగొట్టి లోపలికొచ్చాడు. అప్పట్నుంచీ చూడకుండా నిద్రపోను. ఇక్కడ తాళం గట్టిదే. కాని తలుపు అవతల ఎవరున్నారో తెలియకుండా నేను కళ్ళు ముయ్యలేను."

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా" అన్నాను.

"ఇల్లు ఇచ్చినవాళ్ళకి తలుపు బాగాలేదని ఎలా చెప్పను? కృతజ్ఞత లేని మనిషి అనుకోరూ?"

సరిగ్గా అదే అనుకున్నాను కదా. నా కర్టెన్లు ఆవిడకి ఎందుకు అక్కరలేకపోయాయో కూడా అప్పుడు అర్థమై సిగ్గుపడ్డాను. ఉన్న ఆ కాస్త చూపునీ చీరతో మూసేశాను మరి.

ఇల్లు తిప్పడం

మందు సులువుగానే తట్టింది. రెండో వరస ఇళ్ళని పడమరకి తిప్పితే, మొదటి వరస తలుపులు, రెండో వరస తలుపులు ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి. మధ్యలో దారి. వచ్చేపోయేవాళ్ళు అందరికీ కనబడతారు. నాలుగో వరస తిప్పితే మూడోదానికి ఎదురు. అంతే. కాని డెనీస్ లెక్కలో ఇంక వారమే ఉంది.

మర్నాడు చర్చి కమిటీ ముందు కూర్చుని, "ప్లాను తప్పు. వేసింది నేను" అన్నాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎన్నడూ అనని మాట. ఎందుకు తప్పు వేశావని అడుగుతారు కదా, అది కూడా చెప్పాను. "మావాళ్ళకి ఇంటి తలుపు ఎటుండాలో ఒక పట్టింపు ఉంది. నాకు లేదనుకున్నాను." కమిటీ పెద్దాయన నాకేసి తిరిగి, "మీవాళ్ళకి కప్పు మీద కూడా ఏమైనా పట్టింపు ఉందా? ఉంటే అది కూడా ఇప్పుడే చెప్పేయండి" అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఒప్పుకున్నారు.

అక్కణ్ణుంచి కౌంటీ ఆఫీసుకి. డేల్ కుర్చీలో ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. పన్నెండు ఇళ్ళు తిప్పాలంటే కొత్త ప్లాను, పరిశీలన, కొన్ని వారాలు పడుతుందన్నాడు. "నాకు వారాలు లేవు" అన్నాను.

"ఉమా, నిజం చెప్పండి. మీరీ కుర్చీలో ఉండి నేను అటుపక్క ఉంటే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. తిప్పి పంపేసేదాన్ని. అది కూడా తప్పే."

పెన్ను బల్ల మీద పడేసి నవ్వాడు. లొరెయిన్ ఇల్లు ఒక్కటి, నమూనాగా, కరెంటు కనెక్షను అదేరోజు తనే వచ్చి చూసేటట్టు అనుమతిచ్చాడు. రూలు పట్టుకుని వేళ్ళాడటం నేనే నేర్పాను వాడికి. వదలడం వాడంతట వాడే నేర్చుకున్నాడు.

ఫోర్క్‌లిఫ్ట్ అద్దెకి తెచ్చాం. నడిపింది కర్టిస్. రెండో నంబరు ఇంట్లో ఉంటాడు, యాభై ఏళ్ళుంటాయి, ఒకప్పుడు గోదాములో ఆ పనే చేసేవాడు. లైసెన్సు ఇంకా చెల్లుతుందో లేదో డెనీస్ రెండుసార్లు చూసుకుంది. వచ్చిన దగ్గర్నుంచీ ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి, ఆ రోజు బండెక్కాక పూర్తిగా వేరేవాడిలా ఉన్నాడు. దిమ్మల బిగింపులు ఊడదీసి, ఇంటిని జానెడు లేపి, అంగుళం అంగుళం తిప్పాడు. లోపల బల్ల మీది గాజుగ్లాసు కూడా పడలేదు. ప్రసాద్ కూడా వచ్చాడు, ఎవరూ పిలవలేదు. ఇంటి కరెంటు కేబులు పట్టుకుని నిలబడి, నా చెవిలో గొణిగాడు.

"అక్కా, వెస్ట్ అయిపోతుంది కదా. ఆవిడకి ప్రాబ్లమ్ ఉండదంటారా? పోనీ నార్త్‌కైనా పెడదామా?"

నేను లొరెయిన్‌కి చెప్పాను, మావాడు నీ తలుపు పడమరకి వస్తోందని దిగులు పడుతున్నాడని.

"పడమరో తూర్పో నాకెందుకు? వచ్చేది ఎవరో కనబడితే చాలు" అంది.

సాయంకాలపు ఎండ తగలకుండా తలుపు మీద చూరులాగా రేకు కొడుతుంటే, నిచ్చెన ప్రసాదే పట్టుకున్నాడు. ఇల్లు దిమ్మల మీద కూర్చున్నాక కర్టిస్ బండి దిగి, లొరెయిన్ ముందు టోపీ తీసి, "ఇన్నాళ్ళూ మీ వెనకగోడ చూశాను. దానికెన్ని మేకులున్నాయో చెప్పగలను" అన్నాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు. పన్నెండడుగుల దూరంలో ఉంటూ.

ఈ పని గురించి నా అభిప్రాయం

తిప్పాల్సిన మిగతా ఇళ్ళు తర్వాతి నెలల్లో తిప్పాం. నలుగురు మాత్రం వద్దన్నారు. ఒకాయన తన తలుపు చెట్లకేసి ఉంది, మనుషులకేసి అక్కరలేదన్నాడు. అలాగే వదిలేశాం. నేను గీసిన గీతల్లో ఎవర్నైనా బలవంతంగా కుక్కేయడం మానేశాను.

ఈ చిన్న ఇళ్ళు అన్నిటికీ మందు కాదు. ఇవి నిజం ఇళ్ళకి బదులనుకునేవాళ్ళని నమ్మకండి, ఇవి ఉత్త కంటితుడుపని కొట్టిపారేసేవాళ్ళనీ నమ్మకండి. ఇద్దరూ లోపల కూర్చుని చూడనివాళ్ళే. మా దగ్గర్నుంచి అపార్టుమెంట్లకి వెళ్ళినవాళ్ళున్నారు, తాగి గొడవచేస్తే మేమే పంపేసినవాళ్ళున్నారు, ఒకరిద్దరు చెప్పకుండా వెళ్ళిపోయారు. బస్సు రాని చోట ఇలాంటిది కట్టకండి. మేనేజరుగా ఇల్లు లేని బాధ పడ్డ మనిషిని పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ప్లాను గీసేముందు అందులో ఉండబోయేవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు మర్యాదకి బాగుందంటారు. మళ్ళీ అడగండి. మా కాలనీవాళ్ళు ఇప్పుడు అలాగే చేస్తున్నారు. పక్క కౌంటీలో రెండో కాలనీ కడుతుంటే ప్లాను మీద మొదటి గీత గీసింది లొరెయిన్, కర్టిస్. మీటింగులో ఎదురుచెప్పేవాళ్ళకి జవాబు చెప్పడానికి మైకు పట్టుకుంది ప్రసాద్.

మూడో పొద్దున

ఇల్లు తిప్పిన రోజు రాత్రి లొరెయిన్ కారులోనే పడుకుంది. రెండో రాత్రీ అంతే. డెనీస్ ఫోన్ చేసి, "ఇరవై ఏడు" అని పెట్టేసింది. ఇంత చేసీ తప్పు మందే వేశానా, హోలిస్ దుప్పటి లాగా ఈవిడ దిండు కూడా నా మెడకి చుట్టుకుంటుందా అని ఒకటే బెంగ.

మూడో పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్ళాను. పార్కింగులో ఆవిడ కారు ఉంది. అద్దం దగ్గరికి వంగి చూశాను. ఎవరూ లేరు, దిండు లేదు. హాల్లోకి వెళ్ళాను, వంటింట్లో లేదు. బిస్కెట్లు కాల్చలేదని నలుగురు గొణుగుతున్నారు. వెళ్ళిపోయిందనుకున్నాను, కారు కూడా వదిలేసి.

ఎనిమిదో నంబరు దగ్గరికి పరిగెత్తినట్టే వెళ్ళాను. తలుపు వేసి ఉంది. కొట్టడానికి చెయ్యెత్తాను.

"కొట్టకు" అన్నారెవరో వెనకనుంచి, మెల్లగా.

కర్టిస్. తన ఇంటి మెట్టు మీద కాఫీ కప్పుతో కూర్చుని ఉన్నాడు.

"లోపలుంది. తెల్లారకముందు నేను లేచేసరికే కారు దగ్గర్నుంచి దిండు పట్టుకుని వస్తోంది. నన్ను చూసి ఆగింది. 'నువ్వెంతసేపు ఉంటావిక్కడ?' అంది. పొద్దున నాకు వేరే పనేం లేదు, ఇక్కడే ఉంటానన్నా. లోపలికెళ్ళి తలుపేసుకుంది. డెనీస్ రెండుసార్లు వచ్చింది, పంపేశా. పార్సిల్ వాణ్ణి కూడా అటునుంచి వెళ్ళమన్నా."

"తెల్లవారుజామున పడుకుంటే రాత్రి కింద లెక్కవుతుందా?" అన్నాను. అంత భయంలోనూ నా నోటినుంచి రూలే వచ్చింది చూడండి.

"డెనీస్ అవుతుందంది" అన్నాడు. "నేను అడగలేదు. తనే అంది, కళ్ళు తుడుచుకుంటూ."

పక్కకి జరిగి మెట్టు మీద చోటిచ్చాడు. కూర్చున్నాను. ఇద్దరం ఆ తలుపుకేసి చూస్తూ ఉండిపోయాం. ఎవరైనా గట్టిగా నడిస్తే కర్టిస్ చెయ్యెత్తేవాడు, వాళ్ళు కంకర వదిలి గడ్డి మీదికి మారి నడిచేవాళ్ళు. ఒక్కళ్ళు కూడా ఎందుకని అడగలేదు.

పదకొండు కావస్తుండగా తలుపు తెరుచుకుంది. లొరెయిన్ వట్టికాళ్ళతో, ఒకవైపు జుట్టు అణిగిపోయి, చెంప మీద దిండు గీతలతో గడపలో నిలబడి మా ఇద్దరినీ చూసింది. నా మొహం ఎలా ఉందో, నాకు కన్నీళ్ళు ఆగడం లేదు.

"ఏమైంది?" అంది కంగారుగా. "ఎవరికేమైంది?"

"ఏం కాలేదు" అన్నాను. "నువ్వు నిద్రపోయావు."